గోరు గోరుకీ ఒప్పించి: భయపడే కుక్కతో ఏడు వారాలు

గోళ్ళు తీసే క్లిప్పర్ ఉన్న సొరుగు కదిలిన చప్పుడు వింటే చాలు, మంచం కిందికి దూరిపోయే కుక్క. నాలుగేళ్ళది. పద్ధెనిమిది గోళ్ళూ నలుపే. అంతకుముందు ఎప్పుడూ ఒకరు అదిమి పట్టుకుంటే ఇంకొకరు కత్తిరించేవారు. ఒకసారి వెనక కాలి గోరు లోతుగా తెగి రక్తం కారింది. అప్పట్నుంచి కాలు ముట్టుకుంటే లాక్కోవడం, పట్టుకుంటే గుర్రుమనడం, వదలకపోతే పళ్ళు చూపించడం. ఆ కుక్క తనంతట తాను వచ్చి, కదలకుండా నిలబడి గోళ్ళు తీయించుకోవడానికి ఏడు వారాలు పట్టింది. ఆ ఏడు వారాల్లో ఏం చేశానో, ఎక్కడ చెడిందో, ఎందుకు చెడిందో వరసగా రాస్తున్నాను.

మొదట చేసింది శిక్షణ కాదు, పశువైద్యుడికి చూపించడం. కాలు ముట్టుకోనివ్వకపోవడానికి భయమే కారణం కానక్కర్లేదు. వేళ్ళ సందుల్లో పుండు ఉండొచ్చు, గోరు మొదట్లో చీలి ఉండొచ్చు, వయసు మీరిన కుక్కకి మోచేయో తుంటో అరిగి కాలు పక్కకి తిప్పితేనే ప్రాణం పోతున్నట్టుండొచ్చు. నొప్పి ఉండగా ఎంత ఓపిగ్గా నేర్పినా, ముట్టుకున్న ప్రతిసారీ నొప్పే పుడుతుంది కాబట్టి అది నేర్చుకునేది భయాన్నే. నిన్నటిదాకా బాగున్న జంతువు ప్రవర్తన ఉన్నట్టుండి మారితే మరీ అనుమానించాలి. ఈ కుక్కకి కాళ్ళల్లో ఏ లోపమూ లేదని తేలాకే పని మొదలుపెట్టాను.

సామాను విషయంలో ముఖ్యమైన మాట ఒక్కటే: క్లిప్పర్ పదునుగా ఉండాలి. మొద్దుబారిన బ్లేడు గోరుని కోయదు, ముందు నొక్కి నలుపుతుంది. లోపల నరం ఉన్న భాగాన్ని తాకకపోయినా ఆ నొక్కుడే కుక్కకి నొప్పి. మేం జాగ్రత్తగానే కత్తిరిస్తున్నాం, అయినా గింజుకుంటోంది అనేవాళ్ళు చాలామంది బ్లేడు మార్చి చూడరు. నేను కత్తెరలా రెండు బ్లేడులున్నదే వాడాను, ఎక్కడ తెగుతుందో కంటికి కనిపిస్తుంది కాబట్టి. దాంతోపాటు జారని రబ్బరు చాప, మంచి వెలుతురు, రక్తం ఆపే స్టిప్టిక్ పౌడర్ దగ్గర పెట్టుకున్నాను. ఆ పౌడర్ లేకపోతే కార్న్ ఫ్లోర్ (తెల్లటి మొక్కజొన్న గంజిపొడి) కొంతవరకు పనిచేస్తుంది.

తాయిలంగా ఉప్పు, కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం. ముక్క బఠాణీ గింజలో సగం ఉంటే చాలు. పెద్ద ముక్కలైతే నమలడానికే సమయం పోతుంది, పది ముక్కలకే కడుపు నిండుతుంది. ఒక్కో విడతకి ఇరవై అయిదు, ముప్ఫై ముక్కలు ముందే కోసి గిన్నెలో పెట్టుకునేవాణ్ణి. తాయిలాలన్నీ కలిపి రోజు మొత్తం తిండిలో పదో వంతు దాటకూడదు, ఆ మేరకు మామూలు తిండి తగ్గించాలి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్, చక్కెర బదులు వాడే జైలిటాల్ కలిపిన తీపి పదార్థాలు కుక్కలకి విషం. ఉడికించేటప్పుడు వాటిలో ఏదీ పొరపాటున కూడా పడకుండా చూసుకోవాలి.

ఆ తర్వాత రెండు రోజులు ఏమీ నేర్పలేదు, కుక్కని చూస్తూ కూర్చున్నాను. మొత్తం పనిలో నాకు అన్నిటికన్నా ఉపయోగపడింది ఆ రెండు రోజులే.

కుక్క వద్దు అని చెప్పడం గుర్రుమనడంతో మొదలుపెట్టదు. అంతకు చాలా ముందే మెత్తగా చెబుతుంది. తిండి ఎదురుగా లేకుండానే మూతి నాక్కుంటుంది. నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది. తల పక్కకి తిప్పి, కళ్ళు మాత్రం మన చేతి మీదే ఉంచి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తుంది. ముందు కాలు ఒకటి కాస్త ఎత్తి పెడుతుంది. చెవులు వెనక్కి అతుక్కుంటాయి. అవేవీ మనం పట్టించుకోకపోతే బిగుసుకుంటుంది, ఆ పైన గుర్రుమంటుంది, ఆ తర్వాతే కరుస్తుంది. తోక ఊపుతోంది కదా సంతోషంగానే ఉంది అనుకోవడం కూడా పొరపాటే. ఒళ్ళంతా వదులుగా ఊగుతూ తోక ఊగడం వేరు, ఒళ్ళు కొయ్యబారి తోక పైకి నిలబెట్టి చిన్నగా, వేగంగా ఊపడం వేరు.

ఈ కుక్కలో నేను పట్టుకున్న గుర్తు ఊపిరి. నోరు తెరిచి తేలిగ్గా రొప్పుతూ కూర్చునేది. నా చెయ్యి దాని మోచేయి దాటి మణికట్టు వైపు రాగానే నోరు మూసుకునేది. పక్కటెముకల మీద బొచ్చు కదలడం ఆగిపోయేది. అక్కణ్ణుంచి కాలు లాక్కోవడానికి ఒక సెకను, మహా అయితే సెకనున్నర. ఆ సెకనులోపు నేను చెయ్యి తీసేస్తే అది లాక్కోదు. తర్వాత ఏడు వారాల పనంతా ఆ సెకను మీదే నడిచింది.

గుర్రుమన్నందుకు కుక్కని కసరకూడదు, కొట్టకూడదు. దానివల్ల పోయేది భయం కాదు, హెచ్చరిక. గుర్రుమంటే దెబ్బ పడుతుందని తెలిసిన కుక్క ఆ మెట్టు మానేసి నేరుగా కరుస్తుంది. అది మీ మీద పెత్తనం చేస్తోంది, వెల్లకిలా పడేసి లొంగదియ్యండి అని సలహా ఇచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ సలహాకి మూలం బందీగా ఉంచిన తోడేళ్ళని చూసి అల్లిన ఊహ. అడవి తోడేళ్ళని దశాబ్దాల పాటు గమనించిన డేవిడ్ మీచ్ 1999లో రాసిన వ్యాసంలో, సహజంగా ఉండే తోడేళ్ళ గుంపు మామూలుగా తల్లీ తండ్రీ పిల్లలూ ఉన్న కుటుంబమనీ, అందులో కొట్లాడి గెలిచి నాయకత్వం తెచ్చుకున్న ఆల్ఫా అనే మాటకి అర్థం లేదనీ తేల్చాడు. పైగా ఇక్కడ మన ఎదురుగా ఉన్నది తోడేలు కాదు, భయంతో వణికే ఇంటి కుక్క.

అదిమి పట్టుకుంటే కాసేపటికి ఊరుకుంటుందిగా అని ఇంకో మాట వినిపిస్తుంది. ఊరుకుంటుంది, నిజమే. 1967లో మనస్తత్వవేత్తలు సెలిగ్‌మన్, మయర్ కుక్కల మీదే చేసిన ప్రయోగాల్లో, తప్పించుకునే దారి లేకుండా బాధ అనుభవించిన కుక్కలు, తర్వాత దారి తెరిచి ఉంచినా చాలావరకు కదలకుండా పడి ఉన్నాయి. అదిమిపెట్టిన కుక్క నిశ్శబ్దం చాలాసార్లు అలాంటిదే. ఒప్పుకున్న కుక్క ముక్క పెడితే తింటుంది, కళ్ళు ఆర్పుతుంది, ఒళ్ళు వదులుగా ఉంటుంది. ఆశ వదులుకున్న కుక్క ముక్క మూతికి ఆనించినా తినదు. ఆ తేడా చూడటం రాకపోతే ఈ పని మొదలుపెట్టకపోవడమే మంచిది.

ఇక పద్ధతి. భయపెట్టే వస్తువుని భయం పుట్టనంత తక్కువ మోతాదులో చూపించడం, వెంటనే ఇష్టమైనది ఇవ్వడం, మోతాదు కొంచెం కొంచెంగా పెంచడం. ఇది కొత్త సంగతి కాదు. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వవేత్త కుందేలంటే భయపడే ఓ చిన్న పిల్లవాడికి, తనకిష్టమైనది తింటుండగా కుందేలుని రోజురోజుకీ దగ్గరికి తెస్తూ ఆ భయం పోగొట్టింది. చెప్పడానికి ఇంత తేలిక. చేయడంలో చెడిపోయే చోటు మాత్రం ఒకటుంది, అది వరస.

ముందు ముట్టుకోవాలి, ఆ తర్వాత ముక్క ఇవ్వాలి. నేను తొలి మూడు రోజులు దీన్నే తలకిందులు చేశాను. ముక్కలు పళ్ళెంలో పోసి, అది తింటుండగా కాలు పట్టుకున్నాను. మొదటి రోజు బాగానే ఉంది. మూడో రోజు పళ్ళెం చూడగానే వెనక్కి తగ్గింది. కోడిమాంసం కనిపిస్తే ఆ వెంటనే కాలు పట్టుకుంటారని దానికి అర్థమైంది. అంటే నేను కాలు పట్టుకోవడాన్ని మంచి చేయలేదు, కోడిమాంసాన్నే చెడగొట్టాను. నాలుగో రోజు పళ్ళెం మార్చి, గది మార్చి మళ్ళీ మొదటికి వచ్చాను. ముక్కల గిన్నె నా వెనక ఉంటుంది. చెయ్యి తాకుతుంది, భేష్ అంటాను, చెయ్యి తీసేస్తాను, అప్పుడు ముక్క. భేష్ అనడానికీ ముక్క నోట్లో పడటానికీ మధ్య ఒక సెకను, అంతకు మించకూడదు. ఆలస్యమైతే కుక్క ఆ ముక్కని దేనికి ఇచ్చారనుకుంటుందో మన చేతుల్లో ఉండదు.

మొదటి వారం మిగిలిన రోజులన్నీ దీనికే పోయాయి. రోజుకి మూడు విడతలు, ఒక్కోటి రెండు నిమిషాలు, విడతకి ఎనిమిదో పదో సార్లు తాకడం. భుజం మీద ఒక సెకను, తర్వాత మోచేయి, తర్వాత మణికట్టుకి పైన. తర్వాతి మెట్టుకి ఎప్పుడు వెళ్ళాలో చెప్పేది క్యాలెండర్ కాదు. చెయ్యి తాకగానే కుక్క బిగుసుకోకుండా, ముక్క ఏదీ అన్నట్టు గిన్నె వైపు తల తిప్పుతుంది. వరసగా అయిదు సార్లు అలా తిప్పితే ఒక మెట్టు పైకి. మూతి నాకడమో, ఊపిరి బిగబట్టడమో రెండుసార్లు కనిపిస్తే ఒక మెట్టు కిందికి. మోచేయి నుంచి మణికట్టుకి రావడానికి ఒక్క రోజు పట్టింది, మణికట్టు నుంచి పాదానికి నాలుగు రోజులు.

రెండో వారంలో దానికి అనుమతి ఇచ్చే పద్ధతి నేర్పాను. తక్కువ ఎత్తు పీట మీద మడతపెట్టిన తువ్వాలు వేసి, దాని మీద గడ్డం ఆనించడం. మొదట ముక్కని తువ్వాలుకి అవతల పట్టుకుంటే దాన్ని అందుకోబోయి గడ్డం తగిలిస్తుంది, అప్పుడు భేష్. తర్వాత ఒక సెకను ఆనించి ఉంచితే, ఆపైన మూడు, అయిదు, పది. గడ్డం ఆనించి ఉన్నంతసేపే నా చెయ్యి దాని కాలి మీద ఉంటుంది, గడ్డం ఎత్తిన క్షణం నా చెయ్యి వెనక్కి వస్తుంది. ఈ నియమం ఒక్కసారి కూడా తప్పకూడదు. ఇంకొక్క సెకనేగా అని నేను పట్టుకుని ఉంటే ఆ గడ్డానికి విలువ పోతుంది. మొదట్లో అది నన్ను పరీక్షించినట్టే చాలాసార్లు ఎత్తింది, ఒక విడతలో పదకొండు సార్లు. నాలుగు రోజులకి ఆ ఎత్తడం రెండుకీ ఒకటికీ దిగింది. వద్దంటే ఆగుతారని తెలిశాక వద్దనాల్సిన అవసరమే తగ్గిపోయింది. చిరాగ్ పటేల్ అనే శిక్షకుడు ముక్కలున్న చిన్న బకెట్టు వైపు కుక్క చూస్తున్నంతసేపే మనం పని చేసే ఆట ఒకటి ప్రచారంలోకి తెచ్చాడు. సూత్రం ఇదే. గడ్డం ఆనించడం నచ్చని కుక్కలకి అది బాగుంటుంది.

మూడో వారం క్లిప్పర్ బయటికి వచ్చింది. చాపకి రెండు మీటర్ల దూరంలో నేల మీద ఊరికే పెట్టాను. దాని వైపు చూసిన ప్రతిసారీ ముక్క. రోజుకి కొంచెం దగ్గరికి జరుపుతూ వచ్చాను. తర్వాత నా చేతిలోకి. చప్పుడుని మాత్రం విడిగా నేర్పాలి. మనుషుల చెవికి అందని సన్నటి ధ్వనులు కుక్కకి వినిపిస్తాయి, దాదాపు 45 వేల హెర్ట్జ్ దాకా. మనకి చిన్న టిక్కుమన్న శబ్దం దానికి అంత చిన్నది కాదు. అందుకే ఉడికించని పాస్తా పుల్లని పక్క గదిలో కత్తిరించి, వెంటనే వచ్చి ముక్క ఇచ్చేవాణ్ణి. తర్వాత గుమ్మం దగ్గర, తర్వాత గది మూల, చివరికి చాప పక్కన. పాస్తా తెగే చప్పుడు గోరు తెగే చప్పుడుకి దగ్గరగా ఉంటుంది. గోళ్ళు అరగదీసే గ్రైండర్ గురించి కూడా అడుగుతారు. అందులో మోతా, అదురూ రెండూ ఉంటాయి, ఒకేచోట రెండు సెకన్లకి మించి ఆనిస్తే గోరు వేడెక్కుతుంది. చప్పుడుకి భయపడే కుక్కకి నేను దాన్ని ఎంచుకోను.

నాలుగో వారంలో క్లిప్పర్ లోహాన్ని గోటికి తాకించడం, కత్తిరించకుండా. ఈ వారంలోనే పెద్ద దెబ్బ తగిలింది. ఆ రోజు పొద్దున ఇంటికి కొత్తవాళ్ళు వచ్చి వెళ్ళారు, మధ్యాహ్నం ఉరుములు. సాయంత్రం నేను రోజూలాగే చాప పరిచాను. కుక్క వచ్చి గడ్డం ఆనించింది, క్లిప్పర్ తాకగానే గుర్రుమంది. ఒకదాని మీద ఒకటి చేరిన బెదురు వెంటనే దిగదు, గంటలు గడిచినా ఒంట్లో మిగిలే ఉంటుంది. మామూలు రోజు ఓర్చుకునేది కూడా అలాంటి రోజు ఓర్చుకోలేదు. తప్పు కుక్కది కాదు, ఆ రోజు చాప పరిచిన నాది. క్లిప్పర్ పక్కన పెట్టి, రెండు రోజులు ఆటలే ఆడించి, మణికట్టు తాకే మెట్టు నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. రెండు వారాలు పట్టిన దారి ఈసారి నాలుగు రోజుల్లో వచ్చింది. వెనక్కి వెళ్ళడానికి భయపడేవాళ్ళకి ఇది చెప్పాలనిపిస్తుంది: రెండోసారి దారి చాలావరకు చిన్నదే.

అయిదో వారంలో మొదటి గోరు. ఆ రోజుకి ఒక్కటే అని ముందే నిర్ణయించుకున్నాను. నా బొటనవేలు పాదం మెత్త కింద, చూపుడువేలు పైన, నలపకుండా పట్టుకుంటే గోరు ముందుకొస్తుంది. తెల్ల గోరులో రక్తనాళం, నరం ఉన్న గులాబీ రంగు భాగం బయటికే కనిపిస్తుంది, దాన్నే క్విక్ అంటారు. నల్ల గోరులో కనిపించదు కాబట్టి తెగిన ముఖాన్ని చదువుకుంటూ పోవాలి. కొనలో ఒక మిల్లీమీటరు మందాన పలచటి బిళ్ళలా తీశాను. తెగినచోట పొడిగా, సుద్దముక్కలా తెల్లగా ఉంది. ఇంకో మిల్లీమీటరు, ఇంకా తెల్లగానే ఉంది. మూడో బిళ్ళ తీశాక నడిమధ్య బూడిదరంగు చుక్క కనిపించింది, చుట్టూ ఉన్న భాగం పొడితనం పోయి కాస్త తడిగా మెరిసింది. అక్కడ ఆపాలి. ఆ చుక్క కనిపించాక తీసే ప్రతి బిళ్ళా రక్తానికి దగ్గరవుతుంది. ఒక్కో బిళ్ళకీ ఒక్కో ముక్క ఇచ్చాను, ఆఖరి బిళ్ళకి అయిదు ముక్కలు ఒకదాని వెంట ఒకటి. చాప మడిచేశాను. ఇంకొకటి తీసేద్దాం, బాగానే ఉందిగా అనే ఆశ అప్పుడే పుడుతుంది. చాలా శిక్షణలు చెడేది అక్కడే.

ఆరో వారం రోజుకి రెండు గోళ్ళు. ఏడో వారం ఆఖరికి ఒకే విడతలో ముందు కాళ్ళు రెండూ, మర్నాడు వెనక కాళ్ళు. ముందు కాళ్ళకి లోపలి పక్కన నేల తాకని గోరు ఒకటి ఉంటుంది. నడకలో అరగదు కాబట్టి వంకర తిరిగి చర్మంలోకి గుచ్చుకునేది అదే, దాన్ని మరిచిపోకూడదు. చాలాకాలం తీయక గోళ్ళు బాగా పెరిగిన కుక్కలో క్విక్ కూడా ముందుకొచ్చి ఉంటుంది. దాన్ని ఒకేసారి పొట్టి చేయలేం. వారానికోసారి ఒక బిళ్ళ చొప్పున తీస్తూ పోతే క్విక్ మెల్లగా వెనక్కి జరుగుతుంది.

ఆరో వారంలో ఒకసారి రక్తం వచ్చింది. పౌడర్ చిటికెడు గోటికి అద్ది, రెండు మూడు నిమిషాలు వదలకుండా నొక్కి పట్టుకుంటే ఆగింది. పది నిమిషాలు దాటినా ఆగకపోతే వైద్యుడికి ఫోన్ చేయాలి. కంగారుపడి అయ్యో అయ్యో అని అరవడం వల్ల కుక్క ఇంకా బెదురుతుంది. తర్వాతి మూడు రోజులు క్లిప్పర్ లేకుండా తాకడం, ముక్క ఇవ్వడం, అంతే.

ఈలోగా గోరు పాదంలోకి దిగుతోంది, వారాలు ఆగే వీల్లేదు అన్న పరిస్థితి వస్తే పట్టుకుని కత్తిరించకండి. మందు ఇచ్చి మగతలో ఉంచి తీయమని పశువైద్యుణ్ణి అడగండి. అది ఓటమి కాదు. ఆ చికిత్సని మీ చాప మీద మాత్రం చేయించొద్దు. శిక్షణ చాప మీద చెడు ఒక్కసారి కూడా జరగకూడదు.

ఇదే పద్ధతి పిల్లితోనూ చేశాను, కొలతలు వేరు. విడత ఒక నిమిషం, అదీ నిద్రమత్తులో ఉన్నప్పుడు. పిల్లి గోరు లోపలికి ముడుచుకుని ఉంటుంది, వేలి మెత్తని పైనుంచీ కిందనుంచీ మెల్లగా నొక్కితే బయటికొస్తుంది. సాధారణంగా పారదర్శకంగా ఉంటుంది కాబట్టి గులాబీ భాగం కనిపిస్తూనే ఉంటుంది. సూదిలా వంగిన కొన మాత్రమే తీయాలి. పిల్లి వద్దు అనే మాట తోక చివరలో మొదలవుతుంది. కొన టపటపా కొట్టుకుంటుంది, చెవులు పక్కలకి తిరుగుతాయి, వీపు మీద చర్మం అలలా వణుకుతుంది. గురగుర వినిపిస్తోంది కదా అని ముందుకెళ్ళకండి, నొప్పిలో ఉన్న పిల్లి కూడా గురగురలాడుతుంది. మెడ వెనక చర్మం పట్టుకుని ఎత్తడం వద్దు. మెల్లగా కళ్ళు మూసి తెరిస్తే పిల్లులు కూడా అలాగే బదులిస్తాయనీ, అలా చేసిన కొత్త మనిషి దగ్గరికి ఎక్కువగా వస్తాయనీ 2020లో సస్సెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. నేను ప్రతి విడతా దానితోనే మొదలుపెట్టేవాణ్ణి. లేచి వెళ్ళిపోతే ఆ రోజుకి అయిపోయినట్టే, వెంటపడకూడదు. ఎప్పుడు చూసినా ఒకటో రెండో గోళ్ళే తెమిలేవి. పద్ధెనిమిదీ పూర్తవడానికి పది రోజులు పట్టేది, అప్పటికి మొదట తీసినవి ఇంకా పెరగలేదు కాబట్టి తొందరేమీ లేదు.

కుక్కకి ఇప్పుడు మూడు వారాలకోసారి తీస్తున్నాను. సొరుగు చప్పుడుకి మంచం కిందికి పోవడం లేదు, తువ్వాలు దగ్గరికి వస్తోంది. వెనక ఎడమ కాలి చివరి వేలు, అప్పుడెప్పుడో లోతుగా తెగిన గోరు, దాని దగ్గర మాత్రం ఒక్కో రోజు ఊపిరి బిగబట్టి గడ్డం ఎత్తేస్తుంది. ఆ రోజుకి ఆ గోరు అలాగే ఉంటుంది. మర్నాడు మళ్ళీ చాప పరుస్తాను.